ఏ బ్రాంచికి, ఏ తేదీ వరకు? ఇంజనీరింగ్ కాలేజీల అడ్మిషన్ విభాగాలకు ఒక బహిరంగ లేఖ

ఇంజనీరింగ్ కోర్సులు నడుపుతున్న కాలేజీల, యూనివర్సిటీల యాజమాన్యాలకు, డీన్లకు, ముఖ్యంగా అడ్మిషన్ల బల్లకు అవతల కూర్చుని రోజూ విద్యార్థులకు, తల్లిదండ్రులకు జవాబులు చెప్పేవారికి,

నమస్కారం.

నేను స్ట్రక్చరల్ ఇంజనీర్ని. ఒక భవనంలో ఏ దూలం ఎంత బరువు మోయాలి, ఏ స్తంభంలో ఎంత ఇనుము పడాలి అని లెక్క తేల్చడం నా పని. పంతొమ్మిదేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. అందులో మొదటి తొమ్మిదేళ్లు నేను చేసిన డిజైన్ల మీద నా సంతకం లేదు.

డ్రాయింగు షీటులో కుడివైపు కింది మూలన ఒక చిన్న గడి ఉంటుంది. లైసెన్స్ ఉన్న ఇంజనీర్ సీలు వేసి, సంతకం చేసి, తేదీ రాసే చోటు అది. ఆ గడి ఖాళీగా ఉన్నంతకాలం ఆ షీటును నమ్మి ఎవరూ కాంక్రీటు పోయరు. నేను షీట్లన్నీ చుట్టి పట్టుకుని మా సీనియర్ బల్ల దగ్గరకు వెళ్లేవాణ్ని. ఆయన రెండు మూడు రోజులు చూసి, అడగాల్సినవి అడిగి, సీలు వేసేవారు. మొదటి నాలుగేళ్లు అలా ఒకరి చేతికింద పనిచేయడం సబబే, అందరూ చేయాల్సిందే. ఆ తర్వాతి అయిదేళ్లు మాత్రం అనుభవం చాలక ఆగలేదు. అమెరికాలో ఇంజనీర్ లైసెన్స్ దరఖాస్తులో ఒక ప్రశ్నకు నా దగ్గర జవాబు లేక ఆగాను.

"మీరు చదివిన ప్రోగ్రాంకు అక్రెడిటేషన్ ఉందా? ఉంటే ఇచ్చిన సంస్థ ఏది?"

ఉందనే అనుకున్నాను. ఎందుకైనా మంచిదని నేను చదివిన కాలేజీకి ఫోన్ చేస్తే, "మనది గుర్తింపు పొందిన కాలేజీయే కదా బాబూ, ఎందుకు టెన్షన్ పడతావు" అన్నారు ఆఫీసులో. ఆ మాట అన్నాయన అబద్ధం చెప్పలేదు, తనకు తెలిసింది చెప్పాడు. చేరిన రోజున నాకూ, మా నాన్నగారికీ చెప్పింది అదే మాట. తీరా విచారిస్తే కాలేజీకి ఉన్న గుర్తింపు వేరు, దరఖాస్తు అడిగింది వేరు. నా బ్రాంచికి అది ఎప్పుడూ లేదు.

ఈ లేఖ రాయడానికి కారణం ఆ ఒక్క మాటే. "గుర్తింపు" అనే పదం కింద మనం కనీసం నాలుగు వేర్వేరు సంగతులను కలిపేస్తున్నాం. కోర్సు నడుపుకోవడానికి ప్రభుత్వ యంత్రాంగం ఇచ్చే అనుమతి ఒకటి. పట్టా ఇచ్చే యూనివర్సిటీతో కాలేజీకి ఉండే అనుబంధం ఇంకొకటి. సంస్థ మొత్తాన్ని చూసి ఇచ్చే అక్రెడిటేషన్ మూడోది, భారతదేశంలో న్యాక్ చేసేది ఇదే. నాలుగోది ప్రోగ్రాం అక్రెడిటేషన్. ఫలానా కాలేజీలోని ఫలానా బ్రాంచిని విడిగా తీసుకుని, సిలబస్, అధ్యాపకులు, ల్యాబులు, చదువు పూర్తిచేసిన విద్యార్థి నిజంగా ఏం చేయగలుగుతున్నాడు అన్నవన్నీ చూసి, ఫలానా సంవత్సరం వరకు అని ఇచ్చేది. భారతదేశంలో ఎన్‌బీఏ, అమెరికాలో ఏబెట్, కెనడాలో సీఈఏబీ చేసే పని ఇది. ఒకే గేటు లోపల, ఒకే ప్రిన్సిపాల్ కింద, సివిల్‌కు ఉండి మెకానికల్‌కు లేకపోవచ్చు. లైసెన్స్ బోర్డులు అడిగేది ఈ నాలుగోదాన్ని. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది ఎక్కువసార్లు మొదటి మూడింటిలో ఒకటి.

అక్రెడిటేషన్ లేదన్నంత మాత్రాన తలుపులన్నీ మూసుకుపోవు. నా చదువు సరిపోతుందని విడిగా రుజువు చేసుకునే దారి ఉంది. అమెరికాలో లైసెన్స్ పరీక్షలు నిర్వహించే ఎన్‌సీఈఈఎస్ అనే సంస్థ మన ట్రాన్స్‌స్క్రిప్ట్, అంటే చదివిన సబ్జెక్టులు, మార్కుల వివరాల పత్రం తీసుకుని, సబ్జెక్టు సబ్జెక్టునూ తూచి చూస్తుంది. గణితం, మౌలిక శాస్త్రాలు కలిపి 32 క్రెడిట్లు, ఇంజనీరింగ్ సబ్జెక్టులు 48 క్రెడిట్లు ఉన్నాయా లేదా అని లెక్క కడుతుంది. వినడానికి తేలికే. కానీ ఒక్కో సబ్జెక్టులో ఏం చెప్పారో కాగితం మీద చూపించాలి. మా పాత సిలబస్ కోసం కాలేజీకి ఎన్ని ఉత్తరాలు రాశానో! చివరికి వచ్చిన జిరాక్స్ కట్టలో మూడో సెమిస్టర్ పేజీలు లేనే లేవు. స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ పేజీలో కింది సగం తెగిపోయి ఉంది. నేను పగలూ రాత్రీ చదివి పాసైన సబ్జెక్టు, పొద్దున లేస్తే నాకు అన్నం పెడుతున్న సబ్జెక్టు, నేను చదవలేదేమో అన్నట్టు ఒక బోర్డు ముందు నిలబడింది. ఆ పేజీ మళ్లీ తెప్పించడానికి ఇంకో అయిదు నెలలు పట్టింది. నాతోపాటు ఉద్యోగంలో చేరి, అక్రెడిటేషన్ ఉన్న ప్రోగ్రాంలో చదివిన మిత్రుడు అదే గడిలో ఒక సంస్థ పేరు రాసి, రెండు నిమిషాల్లో తర్వాతి పేజీకి వెళ్లిపోయాడు.

అలాగని అక్రెడిటేషన్ లేని చోట చేరడమే తప్పని నేను అనను. బ్రాంచి ఎంచుకునే పిల్లలు నన్ను అడిగితే ముందు నేనొక ఎదురు ప్రశ్న వేస్తాను: "నువ్వు చేయబోయే పనిలో నీ సంతకానికి చట్టం ముందు విలువ ఉండాలా?" జవాబు దాన్ని బట్టే మారుతుంది.

అమెరికా లాంటి చోట్ల వంతెనలు, భవనాలు, నీటి సరఫరా, మురుగునీటి శుద్ధి, విద్యుత్ సరఫరా, అగ్నిప్రమాదాల నివారణ లాంటి పనుల్లో ఆ సంతకం కావాల్సిందే. ఎందుకు కావాలో తెలియాలంటే 1937 మార్చి 18న అమెరికాలో, టెక్సస్‌లోని న్యూ లండన్ అనే ఊరి బడిలో జరిగింది తెలియాలి. బడిని వెచ్చగా ఉంచడానికి సహజవాయువు గొట్టం కలిపారు. అది కారి భవనం అడుగున నిండింది. ఆ రోజుల్లో ఆ వాయువుకు వాసన ఉండేది కాదు, అందుకే ఎవరికీ తెలియలేదు. చెక్క పనుల గదిలో ఒక కరెంటు యంత్రం ఆన్ చేయగానే నిప్పురవ్వ లేచింది. దాదాపు 300 మంది పిల్లలు, టీచర్లు పోయారు. అదే ఏడాది టెక్సస్ రాష్ట్రం ఇంజనీర్లకు లైసెన్స్ తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది.

ఇప్పుడు అదే రాష్ట్ర చట్టం చూడండి. అక్రెడిటేషన్ ఉన్న ఇంజనీరింగ్ ప్రోగ్రాంలో చదివినవారికి నాలుగేళ్ల అనుభవం చాలు. లేని ప్రోగ్రాంలో చదివినవారికి ఎనిమిదేళ్లు కావాలి. చదివింది అదే గణితం, గీసింది అవే బొమ్మలు, అయినా తేడా నాలుగేళ్లు. ఇరవై రెండేళ్ల వయసులో నాలుగేళ్లంటే ఎంతో నాకు తెలుసు.

సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లేవారి సంగతి పూర్తిగా వేరు. అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్‌కు కూడా ప్రొఫెషనల్ లైసెన్స్ పరీక్ష ఒకటి 2013లో మొదలుపెట్టారు. రాసేవాళ్లు లేక 2019లో ఆపేశారు. స్టాన్‌ఫర్డ్, కార్నెగీ మెలన్ యూనివర్సిటీల కంప్యూటర్ సైన్స్ డిగ్రీలకు ఏబెట్ అక్రెడిటేషన్ లేదు. వాళ్లకు దాని అవసరం పడలేదు, అక్కడ చదివినవారిని ఉద్యోగంలో ఎవరూ ఆ సంగతి అడగరు. కాబట్టి కంప్యూటర్ సైన్స్ కోసం వచ్చిన అమ్మాయితో, "మాకు అక్రెడిటేషన్ ఉంది, పక్క కాలేజీకి లేదు" అని భయపెట్టడం కూడా న్యాయం కాదు. ఆ అమ్మాయి చూసుకోవాల్సింది పాఠాలు చెప్పేది ఎవరు, ప్రాజెక్టులు ఎలాంటివి, సీనియర్లు ఎక్కడ స్థిరపడ్డారు అన్నవి.

ఈ రెంటికీ మధ్య ఉన్న బ్రాంచిలే కష్టం. మెకానికల్ చదివిన వ్యక్తి కార్ల కంపెనీలో ఇంజిన్ డిజైన్ చేస్తే బతుకంతా లైసెన్స్ మాట రాకపోవచ్చు. అదే మనిషి ఆసుపత్రి భవనానికి ఎయిర్ కండిషనింగ్ డిజైన్ చేస్తే సీలు కావాలి. ఎలక్ట్రికల్‌లో చిప్ తయారీ ఒక దారి, సబ్‌స్టేషన్ ఇంకో దారి. పద్దెనిమిదేళ్లకు ఎవరికి తెలుస్తుంది తాను ఏ దారి పడతానో? అందుకే ఇలాంటి బ్రాంచిలకు, మిగతావన్నీ దాదాపు సమానంగా ఉంటే, అక్రెడిటేషన్ ఉన్నదే తీసుకోమని చెబుతాను. ప్రభుత్వ ఉద్యోగాల సంగతీ అంతే. అమెరికా కేంద్ర ప్రభుత్వంలో ఇంజనీర్ ఉద్యోగానికి ఏబెట్ అక్రెడిటేషన్ ఉన్న డిగ్రీ చూపిస్తే చదువు విషయంలో వేరే ప్రశ్న రాదు. లేకపోతే కాల్‌క్యులస్‌తోపాటు, నియమాల్లో చెప్పిన ఏడు విభాగాల్లో అయిదింటిలో కోర్సులు చేశానని చూపించే దారి ఒకటి ఉంది. అంటే మళ్లీ ఆ జిరాక్స్ కట్టే.

ఇంకొక తిరకాసు పేర్లలో ఉంది. "మెకానికల్ ఇంజనీరింగ్", "మెకానికల్ ఇంజనీరింగ్ టెక్నాలజీ" అన్నవి చెవికి ఒకేలా వినిపిస్తాయి. ఏబెట్‌లో ఈ రెంటినీ చూసే కమిషన్లే వేరు. రెంటికీ అక్రెడిటేషన్ ఉండొచ్చు, రెండూ మంచి చదువులే కావొచ్చు. కానీ రెండో డిగ్రీతో లైసెన్స్‌కు వెళ్తే అమెరికాలోని కొన్ని రాష్ట్రాల్లో ఎక్కువ ఏళ్ల అనుభవం అడుగుతారు, కొన్నిచోట్ల అసలు ఒప్పుకోరు. దేశాల మధ్య ఒప్పందాలు కూడా వేర్వేరు. ఇంజనీర్లకు 1989 నాటి వాషింగ్టన్ ఒప్పందం, టెక్నాలజిస్టులకు 2001 నాటి సిడ్నీ ఒప్పందం. "మా కోర్సుకు అక్రెడిటేషన్ ఉంది" అని మీరు ఒక్క ముక్కలో చెప్పినప్పుడు, వినేవారికి ఈ తేడా ఎక్కడ కనిపిస్తుంది?

వాషింగ్టన్ ఒప్పందం పేరు ఈ మధ్య మీ కరపత్రాల్లో బాగా వాడుతున్నారు గనుక దాని గురించి కొంచెం వివరంగా రాస్తాను. ఒక సభ్యదేశం అక్రెడిటేషన్ ఇచ్చిన ప్రోగ్రాంను మిగతా సభ్యదేశాలు తమ ప్రోగ్రాంతో సమానంగా చూడాలన్నది దాని సారం. అమెరికా, కెనడా, బ్రిటన్, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిసి మొదలుపెట్టాయి. 2014 జూన్‌లో భారతదేశం పూర్తిస్థాయి సభ్యురాలైంది. కానీ దేశం సభ్యురాలైతే ఆ దేశంలోని ప్రతి డిగ్రీ సభ్యత్వం పొందినట్టు కాదు. ఎన్‌బీఏ ఇచ్చే అక్రెడిటేషన్‌లోనే టైర్-1, టైర్-2 అని రెండు రకాలు పెట్టారు. ఒప్పందం కిందకు వచ్చేది టైర్-1 మాత్రమే. "ఎన్‌బీఏ ఉంది" అని మీరు రాసింది నిజమే అయినా, టైర్-2 అయితే విదేశంలో ఆ కాగితం ఈ ఒప్పందం కింద చెల్లదు. ఈ ఒక్క అంకె మీ కరపత్రంలో ఉంటే ఎంతమందికి మేలో ఆలోచించండి. ఒప్పందం వర్తించినా లైసెన్స్ దానంతట అది చేతికి రాదు. బోర్డు నియమాలు బోర్డువే, పరీక్షలు, అనుభవం ఎలాగూ ఉంటాయి.

ఇక తేదీలు. అక్రెడిటేషన్ శాశ్వతం కాదు. ఏబెట్ ఒక విడతకు ఎక్కువలో ఎక్కువ ఆరేళ్లు ఇస్తుంది. లోపాలుంటే ముందే మళ్లీ చూస్తామంటుంది. ఎన్‌బీఏ మూడేళ్లకో ఆరేళ్లకో ఇస్తుంది. ఒక బ్యాచ్ చేరినప్పుడు ఉన్నది వాళ్లు బయటికొచ్చేసరికి ఉండకపోవచ్చు. కొత్తగా పెట్టిన బ్రాంచిల సంగతి ఇంకా సున్నితం. ఒక్క విద్యార్థైనా చదువు పూర్తిచేసి బయటికొస్తే తప్ప ఏబెట్ ఒక ప్రోగ్రాంకు అక్రెడిటేషన్ ఇవ్వదు. అంటే కొత్త బ్రాంచిలో మొదటి బ్యాచ్‌గా చేరే ప్రతి విద్యార్థీ అక్రెడిటేషన్ లేని ప్రోగ్రాంలోనే చేరుతున్నాడు. అది వస్తుందా, వస్తే తన బ్యాచ్‌కు వెనక్కి వర్తిస్తుందా అన్నది చేరేనాటికి ఎవరూ చెప్పలేరు. అందులో మీ తప్పేమీ లేదు. ఆ మాట ముందే చెప్పకపోవడం మాత్రం తప్పు. "ప్రాసెస్‌లో ఉందండీ, వచ్చేస్తుంది" అన్నది నేను చాలా కాలేజీల్లో విన్న జవాబు. మీ చేతిలో లేని నిర్ణయానికి మీరెలా మాట ఇస్తారు?

అక్రెడిటేషన్ అంటే కాగితాల తంతు అని మీలో చాలామంది విసుక్కుంటారని తెలుసు. ఆ విసుగులో కొంత న్యాయం ఉంది. లైసెన్స్ వచ్చాక ఒక కాలేజీ డిపార్ట్‌మెంట్‌కు పరిశ్రమ తరఫున సలహాదారుగా వెళ్లాను, రెండు పరిశీలన బృందాల రాకను దగ్గర నుంచి చూశాను. అధ్యాపకులు పాఠం మానుకుని రాత్రి తొమ్మిదింటి దాకా, విద్యార్థులు ఏం నేర్చుకున్నారో చూపే అవుట్‌కమ్ పట్టికలు నింపుతుంటే బాధేసింది. కానీ ఇంకొకటి కూడా చూశాను. ఒక గదిలో పొడవాటి బల్ల మీద ప్రతి సబ్జెక్టుకూ జవాబుపత్రాలు మూడు దొంతరలుగా పెట్టారు: బాగా రాసినవి, మధ్యరకం, అత్తెసరు మార్కులవి. వచ్చిన పరిశీలకురాలు మొదటి దొంతర ముట్టుకోనే లేదు. మూడో దొంతర తీసుకుని, ఆఖరి మార్కుతో పాసైన విద్యార్థికి బీమ్ లెక్క అసలు వచ్చా రాదా అని గంటన్నర చూసింది. తర్వాత విద్యార్థులను ఒక గదిలోకి పిలిచి, అధ్యాపకులను బయట ఉండమని మాట్లాడింది. ఒక అబ్బాయిని, "మీ ఆఖరి ఏడాది ప్రాజెక్టులో మొదట అనుకున్న డిజైన్ ఎందుకు మార్చారు?" అని అడిగిందట. అసలు మార్చలేదని, సీనియర్ల రిపోర్టు చూసి చేశామని వాడు నిజం చెప్పేశాడు. ఆ మరుసటి ఏడాది నుంచి ఆ డిపార్ట్‌మెంట్‌లో ప్రాజెక్టు పద్ధతే మారింది. రెండేళ్లుగా మూలన పడి ఉన్న లోహాల బలం చూసే యంత్రం కూడా ఆ బృందం వస్తుందన్న కబురుతోనే బాగుపడింది. ఎందుకోసం బాగుచేయిస్తేనేం, పిల్లలు తామే ఆ యంత్రం మీద ఇనుపకడ్డీ విరిచి చూశారు.

కాబట్టి అక్రెడిటేషన్ ఉంటే కనీస స్థాయి ఉందని ఒక బయటి మనిషి చూసి చెప్పినట్టు. అంతవరకే. అది ర్యాంకు కాదు. అక్రెడిటేషన్ ఉన్న రెండు ప్రోగ్రాంలలో ఏది మేలో ఏబెట్ చెప్పదు. దాన్ని ర్యాంకులా చూపించి సీట్లు నింపుకోవడం, లేనివాళ్లు దాన్ని పనికిరాని కాగితమని కొట్టిపారేయడం, రెండూ విద్యార్థిని పక్కదారి పట్టించేవే.

మిమ్మల్ని కొత్తగా ఏమీ సంపాదించమని అడగడం లేదు. మీ దగ్గర ఉన్నది ఉన్నట్టు, లేనిది లేనట్టు, డబ్బు కట్టకముందే చెప్పమంటున్నాను. ప్రవేశ పత్రంలో ప్రతి బ్రాంచి పేరు ఎదురుగా మూడు సంగతులు ఉండాలి: ఈ బ్రాంచికి ప్రోగ్రాం అక్రెడిటేషన్ ఎవరిచ్చారు, ఏ రకం, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు. లేకపోతే "లేదు" అని రెండక్షరాలు. కాలేజీ మొత్తానికి ఉన్న గుర్తింపును దాని పక్కన కలపకండి, వేరే పేజీలో రాసుకోండి. చదువు మధ్యలో అక్రెడిటేషన్ పోతే ఆ బ్యాచ్‌కు రాతపూర్వకంగా చెప్పండి. వాళ్లకు అది ఇంకెవరి నోటనో, పదేళ్ల తర్వాత తెలియకూడదు. బ్రాంచిని బట్టి దాని విలువ మారుతుందని కౌన్సెలింగ్‌లో కూర్చునేవారికి నేర్పండి. సివిల్‌కు వచ్చిన పిల్లాడికీ, కంప్యూటర్స్‌కు వచ్చిన పిల్లాడికీ ఒకే జవాబు అప్పజెప్పకండి. అన్నిటికన్నా ముఖ్యంగా, ప్రతి ఏడాది సిలబస్‌ను పూర్తి పేజీలతో స్కాన్ చేసి భద్రపరచండి. ముప్ఫై ఏళ్ల తర్వాత అడిగినా ఇవ్వగలిగేలా. అక్రెడిటేషన్ లేని బ్రాంచి విద్యార్థికి మీరు చేయగలిగిన అతిపెద్ద ఉపకారం అదే.

పోయిన ప్రవేశాలప్పుడు మా సహోద్యోగి కూతురు ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్ తీసుకోవాలని ముచ్చటపడింది. నీటి శుద్ధి ప్లాంట్లు డిజైన్ చేయాలని కోరిక. కాలేజీని అడిగితే "మాకు అన్నిటికీ ఉందమ్మా" అన్నారు. నేను చెప్పానని, "ఈ బ్రాంచికి ఇచ్చిన లేఖ చూపిస్తారా?" అని మళ్లీ అడిగింది. మూడు రోజులు తిప్పి, చివరికి ఒక క్లర్కు పాపం నిజాయితీగా చెప్పాడు, ఆ బ్రాంచి పెట్టి రెండేళ్లే అయింది, ఇంకా ఒక్క బ్యాచ్ కూడా బయటికి రాలేదు అని. అక్కడే సివిల్‌కు ఉంది. ఆ అమ్మాయి రెండు రోజులు ఆలోచించుకుని సివిల్‌లో చేరింది, నీటికి సంబంధించిన ఎలెక్టివ్‌లు అన్నీ తీసుకుంటానంటోంది. కొత్త బ్రాంచిలోనే చేరి ఉన్నా నేను కాదనేవాణ్ని కాదు, తెలిసి చేరేది కదా. నాకు ఆ అవకాశం రాలేదు.

ఆ అమ్మాయికి మూడు రోజుల తర్వాత చూపించిన సివిల్ అక్రెడిటేషన్ లేఖ రెండే రెండు పేజీలు. బ్రాంచి పేరు, తేదీలు, కింద సంతకం. మీ బీరువాలోనూ అలాంటివి ఉంటాయి. ఈసారి ప్రవేశాలు మొదలయ్యేలోపు వాటిని తీసి, నోటీసు బోర్డులో పెట్టండి. లేని బ్రాంచిల పేర్లు కూడా ఆ పక్కనే రాయండి.

ఇట్లు,
ఒక స్ట్రక్చరల్ ఇంజనీర్